ఆటబండ్లకు బహుముఖ చార్జరు: ఎన్నుకొను విధము

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై సంగీత సాహిత్యములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి విషయము బ్యాటరీ చార్జరు. ఇది వినుటకు స్వల్ప విషయముగా తోచవచ్చును. కాని పిల్లలు నిద్రించు గదిలోనే, రాత్రివేళ, స్విచ్చి బోర్డుకు తగిలించి మరచిపోవు వస్తువును గూర్చి పెద్దలు ఒకమారు ఆలోచించుట వ్యర్థము కాదు.

రేడియో తరంగములచే వాహనమును దూరమునుండి నడిపించు విద్య నిన్న మొన్నటిది కాదు. 1898లోనే నికొలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను ఇట్లు నడిపి ప్రేక్షకులను విస్మయపరచెను. 1976లో జపాను దేశపు టామియా సంస్థ విద్యుత్తుతో నడుచు పోర్షె 934 నమూనా కారును విక్రయమునకు తెచ్చెను. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని విపణిలో ప్రవేశపెట్టెను. ఆ బ్యాటరీకై కృషి చేసిన గుడెనఫ్, విట్టింగ్‌హాం, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నేడు ఆటబండ్లలో విరివిగా వాడుచున్న లిథియం పాలిమరు బ్యాటరీ ఆ కుటుంబమునకు చెందినదే. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుట దాని గుణము. ఆ శక్తి అదుపు తప్పినచో మంటగా మారుట దాని దోషము.

ఒక ఇంటి సంగతి వినుడు. ఢిల్లీలో ఉద్యోగము చేయు ఒక గృహస్థునకు ఇద్దరు పిల్లలు. కుమారునికి పెద్ద చక్రముల బండి కలదు; దానికి 7.4 వోల్టుల లిథియం పాలిమరు బ్యాటరీలు రెండు. కుమార్తెకు చిన్న కారు కలదు, దానికి 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడు బ్యాటరీలు రెండు. ఇంట ఉన్న చార్జరునకు పోర్టు ఒక్కటే. ఒక్కొక్క బ్యాటరీ నిండుటకు గంటకు పైగా పట్టును. ప్రతి ఆదివారము ఉదయము ఎవరి వంతు ముందన్న వివాదముతో ఇల్లు దద్దరిల్లెడిది. ఈ రభస పడలేక ఆ గృహస్థుడు బజారునకు పోయి, అట్టపెట్టెపై ‘నాలుగు పోర్టులు’ అను పెద్ద అక్షరములను చూచి, మరేమియు అడుగక ఒక చార్జరును కొని తెచ్చెను.

తొలి ఆదివారమే ఆశాభంగము కలిగినది. నాలుగు బ్యాటరీలను ఒక్కమారు తగిలింపగా ఒక్కటియు వేళకు నిండలేదు. మూడవ వారమున అంతకంటె పెద్ద పొరపాటు జరిగినది. చెల్లెలి బ్యాటరీకై ఏర్పరచిన పోర్టునకు అన్న తన బ్యాటరీని తగిలించి ఆటకు పోయెను. తండ్రి పాలు తీసికొని ఇంటికి వచ్చి చూచుసరికి అది పూరీవలె ఉబ్బియున్నది. ఆయన వెంటనే స్విచ్చి ఆపి, దానిని ఆరుబయట సిమెంటు నేలపై ఉంచెను. అదృష్టవశమున మంట లేవలేదు. కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను ఆయన ఆ తరువాత తెలిసికొనెను. అవి ఎల్లరకును ఉపయోగపడగలవు.

మొదటి ప్రశ్న: మొత్తము శక్తి ఎన్ని వాట్లు? పోర్టుకు ఎన్ని వాట్లు? వడ్డించువాని చేతిలో ఉన్న అన్నము నాలుగు విస్తళ్లు వేసినంత మాత్రమున నాలుగింతలు కాదు. ఆయన కొన్నది మొత్తము 100 వాట్ల చార్జరు. నాలుగు పోర్టులకు సమముగా పంచిన ఒక్కొక్కదానికి 25 వాట్లే. కుమారుని బ్యాటరీ సామర్థ్యము 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు. తయారీదారు వేరుగా చెప్పనిచో, ఇట్టి బ్యాటరీని 5 ఆంపియర్లకు మించక నింపుట క్షేమకరము. అది నిండువేళ 8.4 వోల్టులకు చేరును. 8.4ను 5తో హెచ్చించిన 42 వాట్లు. 25 వాట్లు మాత్రమే లభించు పోర్టు సుమారు 3 ఆంపియర్లకు మించి ఈయజాలదు. అందుచే గంట పని రెండు గంటలకు సమీపించును. ఇందు అపాయము లేదు, ఆలస్యము మాత్రమే. కాని వేగమును కోరి కొన్నవానికి ఆ ఆలస్యమే నష్టము. గ్రాంటు పెంచక శాఖలను పెంచిన ఫలితమేమో ఈ సభలోనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున మరొక మెలకువ కలదు. కొన్ని చార్జర్లకు ఇంటి కరెంటుపై ఒక సంఖ్యయు, వేరుగా కొనవలసిన డి.సి. సరఫరాపై అంతకు హెచ్చైన సంఖ్యయు ఉండును. పెట్టెపై పెద్దగా కనబడునది రెండవ సంఖ్య కావచ్చును. గోడ ప్లగ్గుకు తగిలించువాడు మొదటి సంఖ్యనే చూడవలెను.

రెండవ ప్రశ్న: ప్రతి పోర్టును స్వతంత్రమా? నిజమైన బహుముఖ చార్జరులో ఒక్కొక్క పోర్టు తన బ్యాటరీ జాతిని, వోల్టేజిని, ప్రవాహమును వేరువేరుగా చూచుకొనును. దీనికి భిన్నముగా పారలల్ బోర్డు అనునది ఒకటి కలదు. అది అనేక బ్యాటరీలను కలిపి ఒకే పోర్టునకు జతచేయు పలక మాత్రమే. దానిపై ఒకే జాతి, ఒకే సంఖ్యలో సెల్లులు కలిగి, వోల్టేజి దాదాపు సమముగా ఉన్న బ్యాటరీలనే పెట్టవలెను. నిండినదానిని ఖాళీదానితో కలిపినచో ఒకదానినుండి మరొకదానికి విద్యుత్తు వరదవలె ప్రవహించి వేడి పుట్టించును. పిల్లలున్న ఇంటికి స్వతంత్ర పోర్టులే మేలు.

మూడవ ప్రశ్న: బ్యాటరీ జాతులను వేరుగా గుర్తించునా? లిథియం పాలిమరు సెల్లు ఒక్కొక్కటి నిండువేళ 4.2 వోల్టులను మించరాదు. నికెల్ బ్యాటరీ పద్ధతి వేరు; అది నిండిన పిమ్మట వోల్టేజి కొంచెము తగ్గును, ఆ తగ్గుదలను కనిపెట్టి చార్జరు ఆగును. లిథియం బ్యాటరీని నికెల్ పద్ధతిలో పెట్టినచో 4.2 వద్ద ఆపువాడు లేడు. ఆ ఇంట జరిగినది ఇదియే. ప్రతి పోర్టునకు బ్యాలన్సు తీగ తగిలించు స్థానము కూడ ఉండవలెను. రెండు సెల్లుల బ్యాటరీకి ఆ తీగలు మూడు, మూడు సెల్లులకు నాలుగు. సెల్లులన్నియు సమముగా నిండునట్లు చార్జరు వాని మూలముననే చూచుకొనును.

నాలుగవ ప్రశ్న: స్టోరేజి పద్ధతి కలదా? వేసవి సెలవులలో కుటుంబమంతయు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పోవును. లిథియం బ్యాటరీని నిండుగా ఉంచి పోయినను, ఖాళీగా విడిచి పోయినను అది చెడును. సెల్లునకు సుమారు 3.8 వోల్టుల వద్ద నిలిపి ఉంచుట ఉత్తమము. ఈ పనిని తానే చేయు చార్జరునకు కొంత హెచ్చు వెల ఇచ్చినను నష్టము లేదు. బ్యాటరీ మన్నికలో అది తిరిగి వచ్చును.

ఎంత మంచి చార్జరైనను మనుష్యుని కన్నునకు బదులు కాజాలదు. ఆట ముగియగానే వేడిగా ఉన్న బ్యాటరీని తగిలింపరాదు, చల్లారనీయవలెను. 45 డిగ్రీలకు మించిన వేడిలో నింపుట తగదు గనుక, మే నెలలో ఢిల్లీ మధ్యాహ్నపుటెండ పడు బాల్కనీ అందుకు చోటు కాదు. పరుపుపై, కర్టెను ప్రక్కన, గుమ్మమునకు అడ్డముగా పెట్టరాదు. రాతి పలకపైనో గచ్చుపైనో పెట్టవలెను. ఇంట ఎవరును లేనపుడు, అందరును నిద్రించునపుడు నింపరాదు. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు, సూదితో పొడువరాదు, చెత్తబుట్టలో వేయక ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించు వారికి అప్పగింపవలెను.

తుదకు ఆ గృహస్థుడు ఏమి చేసెను? మరల నాలుగు పోర్టుల కొరకు పోలేదు. ఇంట ఒకేసారి ఆడువారు ఇద్దరే గదా యని లెక్కించి, ఇంటి కరెంటుపైననే పోర్టుకు 50 వాట్లు తప్పక ఇచ్చు రెండు పోర్టుల చార్జరును, స్టోరేజి పద్ధతి కలదానిని ఎన్నుకొనెను. ఎడమ పోర్టుపై అన్న పేరును, కుడి పోర్టుపై చెల్లెలి పేరును చీటీలు వ్రాసి అంటించెను. తగిలించుట పిల్లల పని. తెరపై బ్యాటరీ జాతిని చదివి మీట నొక్కుట పెద్దల పని యని ఇంట ఒక నియమము ఏర్పడినది. ఇప్పుడు గంట దాటిన కొలది సేపటికి ఇద్దరును కలిసి మైదానమునకు పోవుచున్నారు.

కావున చార్జరు కొనబోవువారు పోర్టులను లెక్కించుటకు ముందు ఇంట ఒకేసారి నింపవలసిన బ్యాటరీలను లెక్కింపవలెను. వాని వాట్లను కూడవలెను. ప్రతి పోర్టును తన బ్యాటరీని తానెరుగునా యని విచారింపవలెను. కాగితముపై ఐదు నిమిషముల లెక్క ఇది. ఉబ్బిన ఆ బ్యాటరీని చేత పట్టుకొని మెట్లు దిగిన తండ్రికి ఆ ఐదు నిమిషముల విలువ తెలిసినది. అంత వెల చెల్లింపకయే తక్కినవారికి అది తెలియుగాక!