పెన్షను వయసులో నడక – గుండెకు రక్ష

(మైలవరం పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెజబ్బు పట్నవాసులకే వస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాదిపాటు ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే సంభవించాయని తేలింది. అవి మన ఊళ్లవంటి ఊళ్లే.

లండను బస్సు ఉద్యోగులను పరిశీలించి డాక్టర్ జెర్రీ మోరిస్ బృందం 1953లో లాన్సెట్ పత్రికలో ఒక సంగతి ప్రకటించింది. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, రోజంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. ఆ తరువాత జరిగిన అనేక పరిశోధనలు శరీరశ్రమ గుండెకు మేలని బలపరిచాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మనకూ ఆఫీసుకో, బడికో, బస్టాండుకో నడక ఉండేది. పదవీ విరమణతో ఆ నడకా విరమించింది. ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. క్రమం తప్పక నడిస్తే రక్తనాళాలు మెత్తబడి రక్తపోటు కొంత తగ్గుతుంది.

ఎంత నడవాలి? వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. ఒకేసారి చేతకాకపోతే పది నిమిషాల వంతున మూడుసార్లు నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి – అదీ వేగం. పదివేల అడుగులని బెదరనక్కరలేదు. సగటున 72 ఏళ్ల అమెరికా స్త్రీలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు నూటికి 41 వంతు తక్కువగా కనిపించాయి.

మన ఎండలు తెలిసినవే గనుక తెల్లవారగానే బయలుదేరండి. లారీలు తిరిగే తిరువూరు రోడ్డు వద్దు. బడి మైదానమో, ఊరి లోపలి వీధులో మేలు. “ఇంటిపని చాలదా?” అని ఆడవారు అంటారు. పొయ్యి దగ్గర నిలబడటం వేరు, చేతులూపుతూ నడవటం వేరు. దంపతులిద్దరూ కలిసి వెళ్లండి.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. నడుస్తున్నాము కదా అని బి.పి., షుగరు మాత్రలు మానవద్దు. ఇదివరకే గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చల్లని చెమటలు పట్టినా వెంటనే ఆగి 108కి ఫోను చేయండి. గ్యాసని సోడా తాగి ఊరుకోవద్దు.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే భాగ్యం మనందరికీ పదికాలాలపాటు ఉండాలి. అందుకు రోజూ అరగంట ఖర్చు పెట్టండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.