ఫోను ఎత్తే మనిషి



డాక్టర్ స్మరజిత్ జానాను తలచుకుని మాట్లాడుతున్నాను. 1992లో కలకత్తాలో సెక్స్ వర్కర్లుండే సోనాగాచిలో ఆయన హెచ్.ఐ.వి. నివారణ పని మొదలుపెట్టారు. తోటివాళ్లు చెబితే ఎక్కినట్టు డాక్టరు చెబితే ఎక్కదని గ్రహించి, అక్కడి స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలను చేశారు. 1995లో ఆ స్త్రీల సంఘంగా దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ ఏర్పడింది. 2021 మేలో కోవిడ్‌తో ఆయన పోయారు. సోనాగాచి ఒక పేట, గడప గడపకూ నడిచి వెళ్లొచ్చు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఆ వీలు లేదు. తెలుగు జిల్లాల్లో ఈ వృత్తి ఎక్కువగా ఇళ్లలో, లాడ్జీల్లో, బస్టాండ్ల చుట్టూ చెదిరి ఉంది.

2003లో హెచ్.ఐ.వి. నివారణకు ఆవాహన్ కార్యక్రమం మొదలైంది. ఎక్కడ ఎవరు నిలబడతారో పటం గీసుకుని, పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివాళ్లలోంచే వచ్చిన కార్యకర్తలు, నిరోధ్ పట్టుకుని అక్కడికి వెళ్లడం దాని పద్ధతి. అదే ఏడాది మే నుంచి ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. పిలుపులు ఫోనుమీదికి మారడంతో, పటం ఇంకా గీస్తుండగానే దానిమీది గుర్తులు చెరిగిపోసాగాయి. దుబాయి, మస్కట్ ఫోన్ల కోసం ఎదురుచూసే ఇళ్లున్న ఈ ప్రాంతంలో ఆడమనిషి చేతిలో సెల్లు ఎవరికీ వింత కాలేదు.

ఫోను మేలు చేసింది. రోడ్డుమీద నిలబడి పిలిస్తే 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టంలోని 8వ సెక్షన్ కింద నేరం, పైగా రౌడీలున్నారు. ఫోను ఉంటే దళారికి వాటా ఇవ్వక్కర్లేదు. నిరోధ్ లేకుంటే రానని ముందే తేల్చి చెప్పొచ్చు. ఎక్కడికి వెళ్తున్నదీ ఒక స్నేహితురాలికి చెప్పి వెళ్లొచ్చు.

పోయింది కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి నిలబడినప్పుడు వచ్చినవాడు తాగాడో లేదో చూసేవారు, బండి గుర్తుపెట్టుకునేవారు. ఇప్పుడు తెలిసేది గొంతు ఒక్కటే. ఒక్కడినే అన్నవాడి గదిలో ముగ్గురుంటే, ఫోనులో ఒప్పుకున్న నిరోధ్ మాట ఎవరు నిలబెడతారు? వీడియో తీసి బెదిరిస్తే? ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు లేకుండా అలా తీయడమే నేరం. కానీ ఫిర్యాదు ఇవ్వాలంటే తానెవరో ముందు చెప్పుకోవాలి.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్లతో పోలీసులు గౌరవంగా మెలగాలని, నిరోధ్‌ను నేరానికి సాక్ష్యంగా చూడకూడదని చెప్పింది. నా వాదన ఒక్క అడుగు ముందుకు వెళ్తుంది. సెక్స్ వర్కర్ చేతిలోని ఫోనునూ అలాగే చూడాలి. పోలీసు దాడిలో ఫోను లాక్కుంటే అందులోని పీర్ ఎడ్యుకేటర్ నంబరూ పోతుంది, తోటివాళ్ల పేర్లూ బయటపడతాయి. బలాత్కారం జరిగినా, నిరోధ్ చిరిగినా, హెచ్.ఐ.వి. సోకకుండా మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి. ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఆ గంటల్లో ఆమెకున్న దారి ఆ ఫోనే.

అయితే ఆ ఫోనుకు మెసేజీలు పంపితే సరిపోతుందా? హెచ్.ఐ.వి.కి ఏ.ఆర్.టి. మందులు వాడేవారి మీద జరిగిన రెండు పరిశోధనలు చూడండి. కెన్యాలో వారానికోసారి ‘ఎట్లున్నారు’ అని మెసేజీ పంపారు. ఇబ్బంది ఉందన్నవారికీ, బదులివ్వనివారికీ ఆరోగ్య కార్యకర్త స్వయంగా ఫోను చేశారు. మందులు సరిగా వాడేవారు పెరిగారని 2010లో లాన్సెట్ ప్రచురించింది. దక్షిణ భారతంలో 631 మందితో జరిగిన పరిశోధనలో వారానికోసారి యంత్రం ఫోను చేసింది, ఒక బొమ్మ మెసేజీ వచ్చింది. తేడా ఏమీ కనిపించలేదని 2014లో బీఎంజే ప్రచురించింది. రెండు చోట్లా పరిస్థితులు వేరు, నిజమే. అయినా అవతల మనిషి ఉండటమే అసలు సంగతని నేను నమ్ముతున్నాను.

పైగా ఇక్కడ చాలా ఇళ్లలో ఫోను ఆమె ఒక్కదానిది కాదు. కొడుకు పాటలకు తీసుకుంటాడు, అత్త ఎత్తుతుంది. ‘రక్తపరీక్షకు రండి’ అన్న ఒక్క మెసేజీ ఇల్లు కూలుస్తుంది. గోప్యత కాపాడాలని 2017 హెచ్.ఐ.వి. చట్టం చెబుతూనే ఉంది. అందుకే ఏ పేరుతో, ఏ వేళ, ఏ మాటతో పిలవాలో ఆమే చెప్పాలి.

హెచ్.ఐ.వి. గురించి అడిగేందుకు 1097 హెల్ప్‌లైన్ ఉండాలి, ఉంది. దానితోపాటు ఈ మూడు పట్టణాల్లోనూ రాత్రి పదకొండుకు ఫోను ఎత్తే పీర్ ఎడ్యుకేటర్ ఉండాలి. ఆమెకు సెల్లు, రీచార్జి, ఆ రాత్రి పనికి జీతం హెచ్.ఐ.వి. నివారణ ప్రాజెక్టు ఇవ్వాలి. ఎంతమందిని వాళ్లు నిలబడే చోట కలిశావన్న లెక్కతో పాటు, ఎన్ని ఫోన్లు ఎత్తావన్నదీ ఆమె పనిగా రాసుకోవాలి.