చుక్క నెత్తురు చూశాకే బాటిల్



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం పెట్టారో ఆ సారు క్లాసులో ఒక కట్టడి ఉండేదని ఆయన శిష్యులందరికీ గుర్తే. ఒంటికి పోతానని లేచిన పిల్లను ఆపకూడదు. పరీక్ష నడుస్తున్నా, ఇన్‌స్పెక్టర్ వచ్చి కూర్చున్నా సరే. దాన్ని ఆయన మెతకదనం అనుకున్నవాళ్లే ఎక్కువ. అసలు సంగతి నాకు తెలుసు. ఆ కథలో రెండో సగం నాది.

1990ల మొదట్లో నేను హౌస్ సర్జన్‌ను. ఒక ఎండాకాలం రాత్రి ఈ కోడేరు వైపు నుంచి తొమ్మిదేళ్ల పిల్లను తెచ్చారు. తల్లిదండ్రులు వలసపోయారు, వెంట వచ్చింది అవ్వ. పదిరోజులుగా పిల్లకు ఒకటే దూప. ఎండలకు గదా అనుకున్నారు. పాలమూరు ఎండలో దూపను ఎవరు అనుమానిస్తారు! ఎన్నడో మానేసిన పక్కతడుపుడు మళ్లీ మొదలైంది. భయపడ్డదని తాయెత్తు కట్టించారు. బువ్వ బాగానే తింటున్నా చిక్కిపోయింది. చివరి రెండు రోజులు వాంతులు, కడుపునొప్పి. ఊళ్లో ఒక బాటిల్ ఎక్కించారు. మా దగ్గరికి వచ్చేసరికి రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

నేను నిమోనియా అని రాశాను. ఊపిరితిత్తుల్లో ఏ చప్పుడూ లేదు, జ్వరం లేదు. అయినా రాశాను. నీరసంగా ఉందని గ్లూకోజ్ బాటిల్ పెట్టమన్నాను. పెద్ద సిస్టర్ ఒకావిడ పిల్ల మొహం దగ్గరికి వంగి, ‘నోట్లోంచి మాగిన పండు వాసన వస్తోంది డాక్టర్’ అంది. నా జవాబు కోసం ఆగకుండా మూత్రం పట్టింది. నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కలు వేసి వేడి చేస్తే ఇటుక రంగుకు తిరిగింది, మూత్రంలో చక్కెర ఉందన్నమాట. నేను పెట్టించిన బాటిల్‌ను ఆమే తీసేసింది.

పిల్ల పడిన ఆ ఎగపోతను 1874లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ వర్ణించాడు. అది ఊపిరితిత్తుల జబ్బు కాదు, నెత్తురు పులిసిందని దేహం వేసే కేక. ఎందుకు పులుస్తుందో మీకు చెరువు లెక్కన చెబుతాను. చెరువు నిండా నీళ్లున్నాయి, తూము మాత్రం మూసుకుపోయింది. కింద ఆయకట్టు ఎండిపోతోంది, పైన అలుగు పారుతోంది. చక్కెర చెరువులో నీళ్లు, ఇన్సులిన్ తూము, అలుగు మీద పోయేది మూత్రం. ఎండిన ఆయకట్టు బతకడానికి కొవ్వును కాల్చుకుంటుంది. ఆ మంటలోంచి వచ్చే ఆమ్లాలే కీటోన్లు. ఇలాంటి చెరువులో మనం మరో బిందె గ్లూకోజ్ పోస్తాం.

ఊళ్లో బాటిల్ ఎక్కించేవారిని తప్పుపట్టడానికి రాలేదు. నేను చదువుకుని చేసిన తప్పే వాళ్లు చదువుకోకుండా చేస్తున్నారు. ఒక్కటే అడుగుతున్నా: ఆయాసపడే పిల్లకు, వాంతులయ్యే పిల్లకు, మగతగా ఉన్న పిల్లకు బాటిల్ కన్నా ముందు వేలి నుంచి చుక్క నెత్తురు తీసి షుగర్ చూడండి. 200 దాటితే నాగర్‌కర్నూల్‌కో వనపర్తికో ఆ గంటలోనే పంపండి. 108 బండి ఉన్నది అందుకే. మిషన్ మీద అంకె బదులు ‘హెచ్ఐ’ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అది పలకరింపు కాదు, కొలతకు అందనంత ఎక్కువ అని. ఒక కుర్రవాడు దాన్ని ‘హాయ్’ అని చదివి, మిషన్ పాడైందని పక్కన పెట్టడం నేను చూశాను.

దవాఖానలో ఆ తర్వాత నడిచేది తొందరపాటు పనికిరాని పని. ముందు ఉప్పు సెలైన్, కిలో బరువుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. ఇన్సులిన్ గంట ఆగాకే, అదీ ఒక్కసారిగా సూది పొడవడం కాదు, గంటకు కిలోకు 0.05 నుంచి 0.1 యూనిట్ చొప్పున సన్నని ధార. పొటాషియం పడిపోకుండా చూసుకోవాలి. తలనొప్పి అన్నా, మగత పెరిగినా మెదడు వాపేమోనని ఉలిక్కిపడాలి, పిల్లల ప్రాణాలు ఎక్కువగా పోయేది దానివల్లే. చక్కెర 300 కిందికి దిగుతున్నప్పుడు, ఇందాక వద్దని తీసేసిన గ్లూకోజ్‌నే మళ్లీ పెడతాం. కీటోన్లు పోయేదాకా ఇన్సులిన్ ఆపకూడదు, ఆపకుండా ఇస్తే చక్కెర మరీ పడిపోతుంది, అందుకని. ఇది చూసి ‘డాక్టర్లకే తెలియదు’ అనుకునే బంధువులు ప్రతి వార్డులోనూ ఉంటారు.

మూడోరోజు సారు వచ్చారు. పిల్ల లేచి కూర్చుని ఉంది. నన్ను వరండాలోకి పిలిచి, ‘గంటకు నాలుగుసార్లు పోతానంటే వేషాలని బెంచీ మీద నిలబెట్టాను. తడుపుకుంది’ అన్నారు. నేనేమీ అనలేకపోయాను. బెనెడిక్ట్ ద్రావణం ఎలా కలపాలో రాసివ్వమన్నారు. తర్వాత ఏళ్లలో సైన్స్ పాఠంలో ఆ ప్రయోగం ఆయన చేసి చూపని బ్యాచ్ లేదు.

ఆ పిల్ల ఇంటికి పోయింది. ఏడాదిన్నరకు మళ్లీ తెచ్చారు. చిన్నపిల్లకు జీవితమంతా సూదులేమిటని మాన్పించి ఆకుపసరు ఇచ్చారట. ఈసారి దక్కలేదు. అవ్వ మీద కోప్పడ్డాను, అది నా రెండో తప్పు. ఈ షుగర్ స్వీట్లు తిన్నందుకు వచ్చిన జబ్బు కాదని, ఒంటిలోని రక్షణ దళమే ఇన్సులిన్ కణాలను చంపేసిందని, ఈ రకానికి గోలీలు పనిచేయవని మేం ఆమెకు ఒక్కసారి కూడా కూర్చోబెట్టి చెప్పలేదు. చీటీ ఇచ్చి పంపాం. ఫ్రిజ్ లేని ఇంట్లో మందు ఎక్కడ పెట్టుకుంటావని అడగలేదు. తడి ఇసుక పోసిన కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, అందులో సీసా దాచితే మన మే నెలలోనూ చెడిపోకుండా కాచుకోవచ్చు. కొల్లాపూర్ మామిడిని మాగబెట్టడం తెలిసిన ఊళ్లకు కుండ వాడకం నేర్పనక్కర లేదు, ఒక మాట చెబితే చాలు.

ఇన్సులిన్ కొత్త మందేమీ కాదు. 1922 జనవరి 11న టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ మందు మడ్డిగా ఉండి సరిగా పనిచేయలేదు. జీవరసాయన శాస్త్రవేత్త కాలిప్ దాన్ని శుద్ధి చేశాక 23న మళ్లీ ఇస్తే చక్కెర దిగింది. అంతకుముందు వైద్యమంటే పస్తులు పెట్టడమే. కనిపెట్టినవాళ్లు పేటెంట్‌ను ఒక్కో డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. ఇది జరిగి నూరేళ్లు దాటింది. 2021 అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనాలో ఈ రకం షుగర్ ఉన్న 20 ఏళ్లలోపువారు అందరికన్నా ఎక్కువగా ఉన్నది మన దేశంలోనే, 2 లక్షల పైచిలుకు.

మిషన్లు లేవా అంటే, ఉన్నాయి. సబ్‌సెంటర్లో షుగర్ చూసే మిషన్ 30 ఏళ్లు దాటినవాళ్ల పరీక్షల కోసం వచ్చింది. పక్కనే ఉన్న పిల్లవాడి వేలు దానికి కనిపించదు. ఇటలీలో పార్మా అనే పట్టణం వైపు పిల్లల్లో షుగర్‌ను ముందే పట్టే పనిని బడుల నుంచి మొదలుపెట్టారు. మానేసిన పక్కతడుపుడు మళ్లీ మొదలైతే షుగర్ చూపించండి అని బడుల్లో పోస్టర్లు అంటించారు, పిల్లల డాక్టర్లకు పరీక్ష సామగ్రి ఇచ్చారు. కొత్తగా షుగర్ బయటపడ్డ పిల్లల్లో కీటోన్ల దశకు చేరి వచ్చేవాళ్లు అంతకుముందు 78 శాతం. 1991 నుంచి 1997 మధ్య అది 12.5 శాతానికి దిగింది. ఆ పోస్టర్‌కు ఎంత ఖర్చయి ఉంటుంది?

పొద్దున ఇక్కడి సార్లను అడిగాను, ఈ మధ్య మాటిమాటికీ బయటికి పోతానంటున్న పిల్లలెవరైనా ఉన్నారా అని. ఒకరిద్దరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఐదో తరగతిలో ఒకడున్నాడు, వాడు అల్లరివాడు అన్నారు. రేపు వాణ్ని పిలవండి. ఏఎన్‌ఎం చెల్లె మిషన్ తెస్తానంది. వాడు భయపడకుండా మొదట నా వేలు పొడిపించుకుంటాను. రేపు మధ్యాహ్నం బస్సు దాకా ఇక్కడే ఉంటాను.