చిట్టడవి చుట్టరికాలు

  

అడవి అనగానే మన మాటలు నల్లమల లోయలకో, మారేడుమిల్లి పచ్చదనానికో పోతాయి. ఈ పూట నేను కడప జిల్లాలోని లంకమల పాదాల దగ్గరే ఆగుతాను. అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులోనూ ఎక్కువ భాగం కొద్ది నెలల్లోనే పడిపోతుంది. కొండవాలు మీద ఎర్రచందనం ఉంటుంది. దిగువన గులకరాళ్ల నేల మీద కలివి, రేగు, బలుసు, తుమ్మ, సండ్ర పొదలుపొదలుగా పెరుగుతాయి. వాటి మధ్య కాస్త గడ్డి, కాస్త బోడి నేల. దారిన పోయేవాళ్లకు అది ఎవరికీ అక్కరలేని కంపలా కనిపిస్తుంది. ఆ చిట్టడవికి లోటేమీ లేదని, దాని కట్టుబాటు దానికుందని, ఆ కట్టుబాటులో మేకకూ కాపరికీ కూడా చోటుందని చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా చెదపుట్ట దగ్గరికి వెళదాం. మన ఇళ్లలో చెద అంటే శత్రువు. చిట్టడవిలో మాత్రం నేలకు ప్రాణం పోసేది అదే. ఎండుగడ్డి, రాలిన పుల్లలు, ఎండిన పేడ, మేకల పెంటికలు, ఏది దొరికినా చెదలు పుట్టలోకి మోసుకుపోతాయి. పుట్ట కట్టే జాతుల్లో చాలావరకు ఆ సరుకు మీద ఒక రకం బూజును పెంచుకుంటాయి. పుట్ట లోపల స్పంజిలాంటి ఆ బూజు తోటలే వాటి పొలాలు. వానలు పడ్డాక పుట్ట మీద లేచే గొడుగులు ఆ తోటల పూతే. తొలకరి సాయంత్రం ఉసిళ్లు రెక్కలు కట్టుకుని బయటికి వచ్చాయంటే కప్పకు, తొండకు, పక్షికి, నక్కకు ఒక్కసారే పండగ. ఉడుము పుట్టను తవ్వి గుడ్లు పెట్టి పోతుంది, లోపలి వెచ్చదనమూ తేమా వాటిని పొదుగుతాయి. ఎలుగుబంటి గోళ్లతో పుట్టను చీల్చి, ముక్కు రంధ్రాలు మూసుకుని, చెదలను లోపలికి పీల్చుకుంటుంది. ఆ పీల్పుకు వీలుగా దాని పై దవడ ముందు పళ్లు రెండు లేనే లేవు. అదే ఎలుగు రేగుపళ్లు, కలివిపళ్లు తిని, గింజల్ని మైళ్ల దూరం మోసి, ఎరువుతో సహా నేలలో వేస్తుంది.

ఇక మేక. అడవిని పాడు చేసేది మేకేనని మనం పాఠాల్లో చెబుతూ వచ్చాం. ఒక రేగుపొదను దగ్గర కూర్చుని చూడండి. బయటి చిగుళ్లన్నీ మేక కొరికేసి ఉంటుంది. ముళ్లు అడ్డం కాబట్టి పొద నడిమికి మాత్రం మూతి పోదు. ఆ నడిమి నీడలోనే లేత మొలకలు బతుకుతాయి. మేక రేగుపళ్లు తిని, రాత్రి దొడ్లో నెమరు వేసేటప్పుడు గట్టి గింజల్ని ఉమ్మేస్తుంది. తుమ్మకాయల గింజలు పెంటికల్లో బయటపడి మొలకెత్తుతాయి. ఏ దొడ్డి నేల ఊడ్చినా ఈ గింజలు గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయి. పొదను పలచన చేసేదీ ఆ జీవాలే, కొత్త పొదకు విత్తు వేసేదీ ఆ జీవాలే. ఈ రెండు పనులూ ఒక మోతాదులో సాగినంతకాలం చిట్టడవి చిట్టడవిగా ఉంటుంది.

ఆ మోతాదు విలువ మనకు నేర్పిన పక్షి కలివి కోడి. థామస్ జెర్డన్ దాన్ని వెలుగులోకి తెచ్చింది 1848లో. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే పుస్తకాలు రాసుకున్నాయి. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దాని బొమ్మ పట్టుకుని మన పల్లెల్లో వాకబు చేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి వేటగాడు ఐతన్న రాత్రిపూట దీపం వెలుతురులో ఆ పక్షిని పట్టుకొచ్చారు. ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రానికి అందని జాడ, పొదల మధ్య రాత్రులు తిరిగిన మనిషికి తెలుసు. ఆ తర్వాతే, 1988లో, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలున్న ఈ పిట్ట పగలు కదలదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టిపట్టీలు పరిచి, ప్రతి ఉదయం పాదముద్రలు వెతికారు. మునిమాపు వేళ అది పెట్టే కూతను రికార్డు చేసి లెక్కలు కట్టారు. దాని రెట్టలో చెదల, చీమల ఆనవాళ్లు దొరికాయి. రెండు మీటర్ల ఎత్తుకు మించిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే దానికి అనుకూలమని తేలింది. మరీ చిక్కబడితే నేల మీద పరుగెత్తలేదు, మరీ బోడి అయితే దాక్కోలేదు. మేత అతిగా సాగినా పొద పోతుంది, మేత పూర్తిగా ఆగినా పొదలు కమ్మేస్తాయి.

చిట్టడవికి ఇవాళ ముప్పు రెండు వైపుల నుంచి వస్తోంది. ఖాళీ నేల అనుకుని యంత్రాలతో చదును చేసి తోటలు వేయడం ఒకటి. తెలుగుగంగ కాలువ కూడా ఈ పిట్ట ఉన్న చోట్ల మీదుగానే పోవలసి ఉండగా, పక్షి ప్రేమికుల పట్టుదల వల్ల దారి మార్చారు. అడిగేవాళ్లుంటే ఫలితం ఉంటుందనడానికి అదే నిదర్శనం. పచ్చదనం పేరుతో ఇక్కడ పుట్టని చెట్లను బారులుగా నాటడం రెండో ముప్పు. సర్కారు తుమ్మ అల్లుకున్న నేలలో గడ్డి పెరగదు, కలివి మిగలదు, చెదకు పాత మేత ఉండదు. మంచి ఉద్దేశంతో నాటిన మొక్క కూడా చోటు తప్పితే అక్కడి ప్రాణుల నోటి కూడు లాగేస్తుంది. నాటే ముందు ఆ నేలలో ఇప్పటికే ఎవరు కాపురం ఉంటున్నారో చూడాలి.

ఈ సదస్సు ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ప్రతి డిగ్రీ కళాశాల వృక్ష, జంతుశాస్త్ర శాఖలు కలిసి ఊరి దగ్గరి చిట్టడవిలో ఒక ఎకరాన్ని ఎంచుకుని, ఏటేటా పొదలను, పుట్టలను, పక్షులను లెక్కించి రాసిపెట్టాలి. జీవాల కాపరులను, పాత వేటగాళ్లను తరగతి గదికి పిలిచి, వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే అచ్చువేయాలి. ఐతన్న లాంటివారు దారి చూపేవారిగా మిగిలిపోకుండా సహరచయితలుగా నిలవాలి. మూడోది, ఎక్కడ మొక్కలు నాటాలన్నా, ఎక్కడ కంచె వేయాలన్నా, అక్కడి కాపరులతో, స్థానిక జీవశాస్త్ర అధ్యాపకులతో సంప్రదించాకే చేయాలని అటవీశాఖనూ పంచాయతీలనూ కోరుతూ ఈ సభ తీర్మానం చేయాలి.

ఈ మూడింటికీ పెద్ద నిధులు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆ ఓపిక మన అధ్యాపకులకూ విద్యార్థులకూ ఉందని నా నమ్మకం. రేపు మధ్యాహ్నం సమాపన సభలో ఈ తీర్మానాలు ఆమోదం పొందాలని, వచ్చే ఏడాది సదస్సుకు కనీసం పది కళాశాలల లెక్కలు మన ముందుండాలని కోరుతున్నాను.