కోర్సు అంకె – చదువు మట్టం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని. విశ్వవిద్యాలయం సంగతులు నీకెందుకయ్యా అని మీరనవచ్చు. నేను చేసిన పొరపాటే నాచేత ఈ నాలుగు మాటలు చెప్పిస్తున్నది.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె డిగ్రీలో చేరి, కోర్సుల జాబితా పట్టుకొని వచ్చింది. "మాస్టర్ సాబ్, అర్థశాస్త్రంలో 101 తీసుకోనా, 201 తీసుకోనా?" అని అడిగింది. పెద్ద అంకె అంటే పెద్ద చదువని తలచి, "201 తీసుకో బేటీ" అన్నాను. పునాది లేని పాఠం పిల్లకు అందలేదు. ఆ పేపరు తప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు గాని, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను.

ధవళేశ్వరం వాళ్లకు ఇది సులువుగానే బోధపడుతుంది. బ్యారేజీ దగ్గర గేజి 11.75 అడుగులు చూపితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఆ అంకె నీటి మట్టం చెబుతుంది. కోర్సు అంకె చదువు మట్టం చెబుతుంది. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన విధానంలో 100 నుంచి 199 దాకా పునాది కోర్సులు, 200లు మధ్యమం, 300లు పై మెట్టు, 400లు డిగ్రీలో అన్నిటికన్నా ఉన్నతం. 500, 600లు పి.జి. వారివి; 700 మొదలు పిహెచ్.డి. వారివి. 100 లోపువి ముందుగా తయారుచేసే కోర్సులు. వాటికి క్రెడిట్లు లేవు.

మరి క్రెడిటు ఏమిటి? గేజి అడుగులు వేరు, పారే క్యూసెక్కులు వేరు కదా! అలాగే అంకెది మట్టం, క్రెడిటుది పరిమాణం. వారానికో గంట చొప్పున సెమిస్టరుకు 15 గంటల పాఠమైతే ఒక క్రెడిటు. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్సుకు 160 కావాలి.

అయితే అన్నిచోట్లా ఒకే లెక్క లేదు. కొన్నిచోట్ల మొదటి అంకె సెమిస్టరును సూచిస్తుంది. కనుక సంతకం పెట్టేముందు కాలేజీలో రెండు ప్రశ్నలు అడగండి: దీనికి ముందు ఏం చదివి ఉండాలి? దీనికి క్రెడిట్లెన్ని?

ఆ అమ్మాయి మరుసటి ఏడు 101 చదివి, ఆపైన 201 కూడా గట్టెక్కింది. 101లో చేరడం నామోషీ కాదు. తెలియనిది అడగడమూ నామోషీ కాదు. నేను ఆనాడు అడగకపోవడమే తప్పు.

ఇక సెలవు. ఖుదా హాఫిజ్.