బిడ్డకు బడి, ఇంటికి అండ
(జల్‌పల్లి పఠనాలయమున పౌరుల యెదుట మేము చేసిన ప్రసంగపు పాఠము)



ప్రత్యేక విద్యను గూర్చి మాటలాడుమని మీరు మమ్ము కోరితిరి. ఈ విషయము ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల బడిని గూర్చియు, ఉపాధ్యాయుని గూర్చియు, పాఠక్రమమును గూర్చియు మాటలాడుట పరిపాటి. అది అవసరమే. కాని బిడ్డ బడిలో గడపునది దినమునకు అయిదారు గంటలు మాత్రమే. తక్కిన కాలమంతయు ఇంటిలోనే గడచును. ఆ కాలమును మోయుచున్న తల్లికి అండ యెవరు? తండ్రికి దారి చూపువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము లేనియెడల బడి యెంత గొప్పదైనను దాని ఫలము ఇంటి గడప దాటి లోనికి రాదు. కావున మేమీనాడు గృహమును గూర్చియే ముచ్చటింపదలచితిమి.

మీ జల్‌పల్లి పాతనగరమునకును శంషాబాదు విమానాశ్రయమునకును నడుమనున్న యూరు. 2008లో ఆ విమానాశ్రయము తెరచిన తరువాత ఈ ప్రాంతపు రూపమే మారినది. ఇటు చెఱువు ప్రక్కను, అటు పహాడీషరీఫు చుట్టును దినకూలితో బ్రతుకు కుటుంబములనేకము కలవు. తెలుగును ఉర్దూయు ఒకే వీధిలో వినవచ్చును. అట్టి యింట నడక రాని బిడ్డయో, మాట రాని బిడ్డయో, ఈడునకు తగిన తెలివి యెదుగని బిడ్డయో కలిగెననుకొనుడు. ఫిజియోథెరపీకి వారమునకు పలుమారులు రావలెనని వైద్యుడు చెప్పును. మాట నేర్పువారు మఱొకచోట నుందురు. తల్లి బిడ్డతో వెళ్లిననాడు కూలి పోవును. ఆటో బాడుగ అదనపు కర్చు. బిడ్డ పెరిగినకొలది ఎత్తుకొని బస్సెక్కుట దుస్తరమగును. కొన్ని నెలలు తిరిగి మానివేసిన తల్లిని నిర్లక్ష్యము చేసినదని నిందించువారు కలరు. ఆమె శక్తి యుడిగినదని గ్రహించువారు అరుదు.

భాగ్యనగరమున ఈ విద్యకు సంస్థలు లేకపోలేదు. బుద్ధివైకల్యముగల బిడ్డల కొఱకు ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోను, సికిందరాబాదున స్వీకార్ సంస్థ 1977లోను వెలసినవి. 1984లో కేంద్రప్రభుత్వము జాతీయ సంస్థనే సికిందరాబాదు బోయినపల్లి ప్రాంతమున మనోవికాసనగరమున నెలకొల్పినది. దేశమునలుమూలల నుండి ఉపాధ్యాయులు అచ్చటికి శిక్షణకై వచ్చుచున్నారు. తల్లిదండ్రులకు ఇంటివద్ద నేర్పదగిన విద్యలను బోధించు చిన్నపుస్తకములను ఆ సంస్థ ప్రకటించినది. దేశమంతటికిని వెలుగిచ్చు దీపము మన నగరముననే యున్నది. కాని దక్షిణపు కొసనున్న జల్‌పల్లి నుండి ఉత్తరపు కొసనున్న మనోవికాసనగరము చేరుటకు నగరమంతయు దాటవలెను. ఒకనాడు పరీక్షకై పోవచ్చును. ప్రతివారము పోవుట పేదయింటికి సాధ్యమా?

ఇక శాసనములను చూతము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించినది. నలుబది శాతమునకు తక్కువ కాని వైకల్యముగల బిడ్డకు ఆఱవ యేటినుండి పదునెనిమిదవ యేటివఱకు ఇరుగుపొరుగు బడిలోనైనను, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలోనైనను ఉచితముగా చదువుకొను హక్కు నిచ్చినది. అట్టి బిడ్డలను గుర్తించుటకు అయిదేండ్ల కొకమారు బడిపిల్లల సర్వే జరుపవలెనన్నది. 2012లో విద్యాహక్కు చట్టమునకు చేసిన సవరణ వలన తీవ్రవైకల్యముగల బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందు అవకాశము కలిగినది. ప్రాథమిక తరగతులలో అట్టి బిడ్డలు పదిమందికొకరు, పై తరగతులలో పదునైదుమందికొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పినది. ఆ యుద్యోగములను ప్రకటింపుడని 2025లో రాష్ట్రములను మరల ఆజ్ఞాపింపవలసివచ్చినది! ఆజ్ఞకును ఆచరణకును ఎంత దూరమో దీనివలన తెలియును. మఱొక సంగతి: తీవ్రముగా ఇతరుల సహాయముపై నాధారపడువారికి సంరక్షకుల భత్యమును ఆ 2016 చట్టమే పేర్కొన్నది. కాని ప్రభుత్వపు ఆర్థికశక్తికి లోబడి యను మాటను దానికి ముందు చేర్చినది. బిడ్డకు హక్కు, ఇంటికి వీలునుబట్టి సహాయము: ఇదియే నేటి శాసనపు తీరు.

ఐనను ఉన్నదానిని వినియోగించుకొనక పోగొట్టుకొనుట మన తప్పగును. తెలంగాణమున మండలస్థాయిని భవిత కేంద్రములు కలవు. అందు ప్రత్యేక శిక్షణ పొందినవారు బిడ్డలకు నేర్పుదురు. కదలలేని బిడ్డల యిండ్లకు పోయి పాఠము చెప్పుటయు వారి విధియే. ఈ పనికి కావలసిన ధనము సమగ్రశిక్షా పథకమునుండి వచ్చును. మండల విద్యాధికారి కార్యాలయమున అడిగి బిడ్డ పేరును నమోదు చేయింపుడు. పింఛనుకును, బస్సు రాయితీకిని, ఇతర సహాయములకును వైకల్య ధ్రువపత్రమే మూలము. యూడీఐడీ కార్డునకు దరఖాస్తు చేయుట ఆలస్యము చేయకుడు. దివ్యాంగుల పింఛను 2023లో ఈ రాష్ట్రమున నెలకు 4,016 రూపాయలకు హెచ్చింపబడినది. 1999 చట్టముచే నేర్పడిన జాతీయ న్యాసము వారి నిరామయ అను ఆరోగ్య బీమా ఏటికి లక్షరూపాయల వఱకు చికిత్సావ్యయమును భరించునది. ఆటిజము, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధివైకల్యము, బహువైకల్యము గలవారికై యది యేర్పడినది. ఆ చట్టము క్రిందనే బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన తరువాత సంరక్షకుని నియమించు స్థానిక సంఘమొకటి జిల్లా కలెక్టరుతో కూడి యుండును. తాము పోయిన తరువాత బిడ్డ గతియేమని రాత్రులు నిద్రలేక యున్న తల్లిదండ్రులలో ఎందఱకు ఈ సంఘము పేరు తెలియును?

తెలియకపోవుటకు కారణము విద్య లేకపోవుట యొక్కటే కాదు. సిగ్గు మఱొకటి. పూర్వజన్మ పాపమనియు, తల్లి గర్భదోషమనియు లోకము పలుకు మాటలకు వెఱచి బిడ్డను లోపలిగదిలో దాచు కుటుంబములు నేటికిని కలవు. దాచిన బిడ్డ లెక్కకు రాడు. లెక్కకు రాని బిడ్డకు ఉపాధ్యాయుడు రాడు. ఈ సిగ్గును పోగొట్టగలది సాటి తల్లిదండ్రుల సాంగత్యమని లోకానుభవము చెప్పుచున్నది. 1946లో ఇంగ్లండున జూడీ ఫ్రైడ్ అను తల్లి తనవంటి తల్లులను పిలుచుచు ఒక పత్రికకు లేఖ వ్రాసినది. దానినుండి పుట్టిన సంఘము నేటికిని మెన్‌కాప్ పేరున పనిచేయుచున్నది. 1972లో బొంబాయిలో మిఠూ ఆలూరు, సెరెబ్రల్ పాల్సీగల తన కుమార్తెకు తగిన బడి దొరకక, తానే బడిని తెరచినది. మన మనోవికాసనగర సంస్థ ప్రోత్సాహమున దేశమందలి తల్లిదండ్రుల సంఘములు కలిసి 1995లో పరివార్ అను సమాఖ్యగా ఏర్పడినవి. వీరెవ్వరును ప్రభుత్వము పిలుచు దాక వేచియుండలేదు. ఒక యిల్లు మఱొక యింటి తలుపు తట్టినది. అచ్చటినుండియే పని మొదలైనది.

కాబట్టి మేము మీ నుండి కోరునవి కొన్ని కలవు. ఈ పఠనాలయమును నెలకొకనాడు, సాయంకాలము రెండు గంటలు, అట్టి కుటుంబములకు విడువుడు. ఆనాడు తల్లులు తమలో తాము మాటలాడుకొందురు. ఒకరికి తెలిసిన వైద్యుడు, ఒకరికి దొరికిన పరికరము, ఒకరు నేర్చిన ఉపాయము పదిమందికిని తెలియును. చదువుకొన్న యువకులు ఇద్దఱు ముగ్గురు కూర్చుండి, తెలుగునను ఉర్దూయందును విషయము విడమరచి చెప్పి, దరఖాస్తులు నింపిపెట్టవలెను. ఆ రెండు గంటలు పిల్లలను ఆడించుటకు ఇరుగుపొరుగువారు ముందునకు రావలెను. తల్లికి రెండు గంటల విశ్రాంతి చిన్న దానము కాదు. తోబుట్టువులను కూడ రానిండు. ఇంటిలో తమకు దక్కని శ్రద్ధను గూర్చి వారికిని చెప్పుకొనవలసినది యుండును. తండ్రులు తప్పక రావలెను. ఆసుపత్రికి తల్లి, కచేరికి తల్లి, నిందకు కూడ తల్లియే యగుట న్యాయము కాదు.

ఇట్లు కొన్ని నెలలు కూడినచో మీకు ఈ యూరిలోని బిడ్డల పేర్లు తెలియును. ఎవరికి ఏమి కావలెనో తెలియును. ఒంటరి తల్లి అర్జీని కచేరిలో ప్రక్కకు పెట్టవచ్చును. ఇరువది కుటుంబములు చేవ్రాలు చేసిన అర్జీని అట్లు పెట్టుట సులభము కాదు. మా బడికి ప్రత్యేకోపాధ్యాయుని పంపుడు, కదలలేని బిడ్డ యింటికి వారము వారము మనిషిని పంపుడు, చికిత్సా శిబిరమును మా చెంతకు తెండు అని మీరు అడుగగలరు. అవి బిచ్చములు కావు. శాసనము ఒప్పుకొన్న ఋణములు.

స్వరాజ్యమనగా బలవంతుల రాజ్యమని మన పెద్దలు తలపలేదు. ఒక యూరి నాగరికతను కొలుచుటకు అచ్చటి మేడలను, రోడ్లను చూచిన చాలదు. అన్నిటికంటె నిస్సహాయుడైన బిడ్డ యున్న యిల్లు ఒంటరిగా నున్నదా, ఊరితో కలిసియున్నదా యని చూడవలెను. మొదటి సమావేశమునకు దినము నిర్ణయించి, ఆ కుటుంబముల గడపలకు పోయి పిలిచిన పిమ్మటనే మీరు ఈ ప్రసంగమును విన్నట్లని మేము భావింతుము.