గత శుక్రవారం నేను చెప్పిన ఒక మాట

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక. అమ్మా బాద్.

ధర్మ సోదరులారా! గత శుక్రవారం ఇదే మింబర్ మీద నుండి పొరుగువారి హక్కులను గురించి ప్రసంగించాను. అందులో దైవప్రవక్త (సఅసం) వారి ప్రవచనమని చెప్పి ఒక వాక్యం వినిపించాను. మేడ మీద నివసించేవారు, క్రింద నివసించేవారు అనే ప్రస్తావన అందులో ఉన్నది. మీలో చాలామందికి అది నచ్చింది. నమాజు ముగిశాక ఇద్దరు యువకులు వచ్చి రాసి ఇమ్మని అడిగారు కూడా. ఆ వాక్యం ఏ హదీసు గ్రంథంలోనూ నాకు దొరకలేదు. ఈ రోజు దానిని వెనక్కు తీసుకుంటున్నాను. దానిని మళ్ళీ ఉచ్చరించను. ఖండించడానికి పలికినా మరొకసారి చెవిన పడుతుంది, చెవిన పడినది మనసులో నిలిచిపోతుంది.

ఇది ఎలా జరిగిందో చెప్పవలసిన బాధ్యత నాది. నా చదువంతా మదరసాలో, ఉర్దూలోనూ అరబీలోనూ సాగింది. తెలుగు నాకు మా ఊరి బడి, మా అమ్మ ఇచ్చినవి. ప్రతి గురువారం రాత్రి ఇషా తర్వాత కూర్చుని మరునాటి ప్రసంగాన్ని తెలుగులో రాసుకుంటాను. ఒక్కొక్క అరబీ మాటకు సరైన తెలుగు మాట కోసం అరగంట వెతికిన రోజులున్నాయి. కొన్ని నెలల క్రితం మా అబ్బాయి నా ఫోనులో కృత్రిమ మేధను పెట్టి ఇచ్చాడు. మొదట అనువాదానికే వాడాను. గంట పని నిమిషంలో అయ్యేది. అది నాకు రుచించింది, దాచడం దేనికి? ఆ గురువారం ఇంటికి బంధువులు వచ్చి వెళ్ళేసరికి చాలా పొద్దుపోయింది. అపార్టుమెంట్లలో ఉండేవారికి తగిన హదీసు ఒకటి చెప్పమని దానిని అడిగాను. వెంటనే చెప్పింది. అరబీ మూలం, తెలుగు అర్థం, గ్రంథం పేరు, హదీసు సంఖ్య, అన్నీ ఇచ్చింది. అరబీ వాక్యం ఎంత సొంపుగా ఉన్నదంటే, ముప్పై ఏళ్ళుగా హదీసులు చదువుతున్న నా చెవి దానిని ఒప్పుకున్నది. లేచి అల్మారాలోని కితాబు తీసి చూడలేదు. అల్మారా నాకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నది.

నమాజు తర్వాత జనమంతా వెళ్ళిపోయారు. మొదటి సఫ్‌లో చివర కుర్చీ వేసుకుని నమాజు చేసే ఒక వృద్ధుడు మాత్రం మిగిలారు. నలుగురిలో అడగలేదు, దగ్గరకు రమ్మని సైగ చేశారు. "మౌలానా సాబ్, ఆ రివాయత్ ఏ కితాబులో ఉన్నదో కాస్త చూపిస్తారా? నేనెక్కడా చూసిన గుర్తు లేదు" అన్నారు. "అలాగే చాచా, రేపు చూపిస్తాను" అన్నాను. ఇంటికి వెళ్ళి ఆ గ్రంథంలో ఆ సంఖ్య తీశాను. అక్కడ వుజూకు సంబంధించిన హదీసు ఉన్నది. యంత్రానికి ఆ సంగతి చెప్పాను. అది మర్యాదగా క్షమాపణ కోరి మరో గ్రంథం, మరో సంఖ్య ఇచ్చింది. అదీ తప్పే. మూడు రాత్రులు వెతికాను, ఇద్దరు ఉస్తాదులకు ఫోను చేశాను. అటువంటి రివాయత్ తామెరుగమన్నారు.

ఆ యంత్రం పని తీరు తెలిసినవారు మీలోనే ఉన్నారు. వారిని అడిగి నేను తెలుసుకున్నది ఇది. లెక్కలేనన్ని పుటలను దానికి చదివిస్తారు. ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో అది నేర్చుకుంటుంది. అడిగినప్పుడు ఆ అలవాటు చొప్పున మాటలు పేర్చుతుంది. నిజం చెప్పినప్పుడూ అదే పని, లేనిది చెప్పినప్పుడూ అదే పని. అబద్ధం ఆడాలన్న దురుద్దేశం దానికి లేదు. చెప్పింది నిజమేనా అన్న భయమూ లేదు. హదీసు పోలిక ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు. ఎవరు ఎవరి నోట విన్నారన్నది మాత్రం దాని స్వభావంలో లేదు. కనుక దానిని శపించి నేను తప్పించుకోలేను. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించమని సూరె హుజురాత్‌లో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞ వార్త తెచ్చినవాడికి కాదు, విన్నవాడికి. విన్నవాణ్ణి నేను.

సోదరులారా! మన ఉమ్మత్‌కు అల్లాహ్ ఇచ్చిన గొప్ప అమానతు ఇస్నాద్. ఒక మాట ఎవరి నుండి ఎవరికి చేరిందో పేరు పేరునా చెప్పడం. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) వారికి ఒక హదీసు మరొక సహాబీ వద్ద ఉన్నదని తెలిసింది. ఆయన ఒంటెను కొని, నెల రోజులు ప్రయాణం చేసి, షామ్ దేశం చేరి, అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) గారి తలుపు తట్టారు. ఒక్క హదీసు కోసం. నేను నాలుగడుగులు వేయలేదు.

ఇదేదో దూరదేశాల ముచ్చట అనుకోకండి. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ మన హైదరాబాదులోనే ఉన్నది, ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంటుంది. హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) వారి తహ్‌జీబుత్ తహ్‌జీబ్ పన్నెండు సంపుటాలుగా అచ్చయింది అక్కడే, హిజ్రీ 1325, 1327 మధ్య. ఆ మధ్యలోనే, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద వచ్చి ఈ నగరాన్ని ముంచివేసింది. నగరం బురద ఎత్తిపోసుకుంటున్న ఆ కాలంలోనే ఈ సంపుటాలు వెలువడ్డాయి. వాటిలో ఏమున్నది? మనుషులు. ఫలానా రావీ ఏ నగరంవాడు, ఎవరిని కలిశాడు, మాట నిలకడ ఎలాంటిది, ముసలితనంలో జ్ఞాపకం తగ్గిందా, తగ్గితే అంతకు ముందు విన్నదెవరు, తర్వాత విన్నదెవరు. ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎరిగి ఉన్నారు కనుకనే ఈ వివరాలు మిగిలాయి. ఎవరూ ఎవరినీ ఎరుగని నగరంలో ఇస్నాద్ పుట్టదు.

నాలుగో రోజు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. మేమున్న అపార్టుమెంటే, ఆయన రెండో అంతస్తు, మేము మూడో అంతస్తు. రెండేళ్ళుగా మెట్ల మీద సలాం చెప్పుకుంటున్నాము. లోపల కాలు పెట్టడం అదే మొదలు. అక్కడ తెలిసింది, ఆయన ఛత్తా బజారులో కాతిబ్‌గా నలభై ఏళ్ళు పని చేశారని. పెళ్ళి పత్రికలు రాశారు, మదరసాల కోసం హదీసు కితాబులకు కితాబత్ చేశారు. 1990లలో నస్తాలీఖ్ లిపి కంప్యూటరులోకి వచ్చాక కలం పక్కన పెట్టవలసి వచ్చింది. కొడుకు ఉద్యోగం ఇటువైపు కావడంతో పాతనగరం వదిలి మన కాలనీకి వచ్చారు. ఆయన అన్నారు: "మా ఉస్తాద్ ఒకటే నేర్పారు మౌలానా సాబ్. అర్థమైంది కదా అని రాయకు, కనబడిందే రాయి. అర్థమైందని రాసేవాడి చేతిలోనే తప్పులు దొర్లుతాయి." తర్వాత చాయ్ తెప్పించారు. నా తప్పు గురించి మరి మాట్లాడలేదు.

పొరుగువాడి హక్కును గురించి చెప్పడానికి నేను యంత్రాన్ని అడిగాను. హదీసు కితాబుల నడుమ ఆయుష్షు గడిపిన మనిషి నా పాదాల క్రింది గదిలో ఉన్నారు. ఆయనను అడగలేదు, అడగవచ్చునని కూడా తెలియదు. పొరుగువాడికి వారసత్వంలోనూ వాటా ఇస్తారేమో అనిపించేంతగా జిబ్రీల్ (అలై) తాకీదు చేశారని దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు నాకు కంఠస్థమే. ఇది సహీహ్ బుఖారీలోనూ సహీహ్ ముస్లిమ్‌లోనూ ఉన్నది. ఈసారి కితాబు తీసి చూసే చెబుతున్నాను. చేతిలో ఇంత ఉండగా కొత్తదాని కోసం ఎందుకు వెతికాను? కొత్తగా ఉంటే మీరు మెచ్చుకుంటారని. ఇందులో యంత్రం తప్పు ఏమీ లేదు.

పాతనగరమంతా పుణ్యభూమి అని నేననడం లేదు. ఆ గల్లీలలో చాడీలూ బాగానే నడిచేవి. అయితే అక్కడ మనిషి పని ఏమిటో గల్లీకి తెలిసేది. మన కాలనీలో కడప వారున్నారు, గుంటూరు వారున్నారు, నల్లగొండ వారున్నారు. ఎవరి తండ్రి ఏమి చేసేవారో ఎవరికీ తెలియదు. తలాఖ్ విషయాలు, ఆస్తి పంపకాలు రాత్రిపూట ఫోనునే అడుగుతున్నారని వింటున్నాను. మనిషిని అడగాలంటే సిగ్గు అడ్డు వస్తుంది, యంత్రం ముందు సిగ్గు లేదు. నిజమే. కాని ముఖం చూసి, "కోపం తగ్గిందా బాబూ? ముందు ఇంటికి వెళ్ళి ఆమె మాట కూడా విని రా" అని పంపించేది మనిషే. రండి. నా తలుపు మూడో అంతస్తులో ఉన్నది.

హజ్రత్ జుబైర్ (రజి) వారిని కుమారుడు అడిగారు, ఇతరుల వలె మీరు దైవప్రవక్త (సఅసం) మాటలు ఎక్కువగా ఎందుకు చెప్పరని. తాను ఆయనను విడిచి ఉండలేదని, అయినా ఆయన పేరు మీద అబద్ధం పలికేవాడి స్థానం నరకమని విన్నానని జుబైర్ (రజి) జవాబిచ్చారు. అంత దగ్గరగా ఉండి విన్నవారు నోరు కట్టుకున్నారు. నేను తెలిసి పలకలేదు. కాని తెలుసుకోగలిగీ తెలుసుకోకపోయాను. ఆ లెక్క అల్లాహ్ వద్ద ఎలా ఉంటుందో తలచుకుంటే ఈ వారం నాకు నిద్ర పట్టలేదు.

గత వారం ఇక్కడ ఉండి ఈ రోజు రానివారు కొందరున్నారు. ఆటోనగర్‌లో పని చేసే అబ్బాయిలు, ఊరికి వెళ్ళిన రెండు కుటుంబాలు. వారి పక్కింటివారు ఈ మాట వారికి చేర్చాలి. నా ప్రసంగాన్ని రికార్డు చేసి వాట్సాప్‌లో పంపినవారు, ఎవరెవరికి పంపారో వారందరికీ ఈ రోజుది కూడా పంపాలి. రాసి ఇమ్మని అడిగిన ఇద్దరు యువకులు ఆ చీటీ నాకు తిరిగి ఇవ్వాలి. గత వారం ప్రసంగం ఈ పుస్తకంలో అచ్చయినప్పుడు ఆ వాక్యం ఉండదు. ఈ ప్రసంగం ఉంటుంది.

అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను, నాకోసమూ మీకోసమూ. మీరూ వేడుకోండి.